ఆరెంజ్‌కి ప్రాస దొరకట్లేదా? ముందు ఎవరి చెవికో తేల్చుకోండి

రెండేళ్ళ కిందట మా అక్క కూతురు ఫోన్ చేసి, "మామా, పర్పుల్‌కి రైమింగ్ వర్డ్ చెప్పు, రేపు స్కూల్లో ఇంగ్లీషు పోయెమ్ కాంపిటీషన్" అంది. నేను నెల్లూరులో చిన్న చిన్న కొట్లకు మైకు ఆటో ప్రచారాలు, స్కూళ్ళకు యాన్యువల్ డే పాటలు, పెళ్ళి వీడియోలకు నాలుగు లైన్లు రాసిచ్చే మనిషిని. ప్రాస అంటే నాకు మంచినీళ్ళు తాగినట్టే అనుకునే రోజులవి. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "టెంపుల్ పెట్టుకో" అన్నాను. సింపుల్, పీపుల్, ట్రిపుల్ కూడా ఉన్నాయని కొసరు వేశాను.

పేపరు తిరిగొచ్చేసరికి పర్పుల్ చుట్టూ ఒక ఎర్ర సున్నా, టెంపుల్ చుట్టూ ఇంకో ఎర్ర సున్నా. పక్కన "నాట్ ఎ రైమ్" అని రాసి ఉంది. మా అక్క ఇప్పటికీ ఇంట్లో ఏ సలహా చెప్పబోయినా "నువ్వు చెప్పిన పర్పుల్ చూశాం లే" అంటుంది.

తమాషా ఏందంటే, అదే నెలలో ఒక చీరల కొట్టుకు నేను రాసిన ప్రచారంలో పర్పుల్‌కి సింపుల్ జత కలిపాను. ఆటో ట్రంకు రోడ్డు మీద తిరిగింది. వారం తిరక్కుండా మా వీధి పిలకాయలు దాన్ని పాడుకుంటా తిరుగుతున్నారు. పర్పుల్‌కి అదే "పుల్" తోకతో జత కలిపాను రెండుచోట్లా. ఒకచోట ఎర్ర సున్నా, ఒకచోట పాట. టీచరమ్మ తప్పేమీ లేదు, పిలకాయల తప్పూ లేదు. రెండు చెవులు వేరు, అంతే.

అందుకని ఎవరైనా నా దగ్గరికొచ్చి ఫలానా ఇంగ్లీషు మాటకు ప్రాస కావాలంటే, మాట ఏందని కాదు, వినేదెవరని అడుగుతున్నా ఈ మధ్య. ఇంగ్లీషు చెవి ఉన్న జడ్జీనా, తెలుగు చెవి ఉన్న జనమా? దాన్నిబట్టి దారులు పూర్తిగా మారిపోతాయి.

ఇంగ్లీషు చెవి సంగతి

ఇంగ్లీషులో ప్రతి మాటకూ ఒకచోట ఊనిక ఉంటుంది, అక్కడ గొంతు బరువుగా పడుతుంది. ఆ ఊనిక పడిన అచ్చు దగ్గర్నుంచి మాట చివరిదాకా ఒకేలా వినపడాలి. ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. అప్పుడే వాళ్ళు దాన్ని పక్కా రైమ్ అంటారు. టెన్షన్, పెన్షన్, మెన్షన్ చూడండి. ఊనిక మొదటి ముక్క మీదే ఉంది, "ఎన్షన్" అన్నది మూడింట్లోనూ ఉంది, ముందు ట, ప, మ మారాయి. పక్కా.

ఇప్పుడు ఆరెంజ్. ఊనిక మొదటి అచ్చు మీదే. అంటే మాట మొత్తం మొదట్నుంచి చివరిదాకా కలవాలి, ముందు ఒక హల్లు తగిలించుకోవడానికి మాత్రమే చోటు. ఛాలెంజ్ పనికిరాదు, ఎందుకంటే అక్కడ ఊనిక "ఛా" మీద ఉంది, "ఛాల్" వేరు "ఆర్" వేరు. చివరి "ఎంజ్" కలిసినా ఇంగ్లీషువాడి చెవికి అది తోక మాత్రమే. పర్పుల్, టెంపుల్ గొడవ కూడా ఇదే. "పుల్" కలిసింది, ఊనిక పడిన "పర్" "టెం" కలవలేదు. సిల్వర్, మంత్, బల్బ్, ఇవన్నీ ఇలా ఇరుక్కుపోయిన మాటలే. ఇంగ్లీషులో ప్రాసకు లొంగవని పేరుమోసినవి.

లొంగవు అంటే అస్సలు లేవని కాదు. వెతికితే పాత మూలల్లో ఉన్నాయి. సిల్వర్‌కి చిల్వర్ అని ఒక మాట ఉంది, ఆడ గొర్రెపిల్ల అని అర్థం. పర్పుల్‌కి రెండున్నాయి: కర్పుల్ అంటే గుర్రం పిరుదులు, హిర్పుల్ అంటే కుంటుకుంటా నడవడం. రెండూ స్కాట్లండ్ వైపు మాటలు. ఆరెంజ్‌కి బ్లోరెంజ్ అని వేల్స్‌లో అబెర్గవెన్నీ ఊరి పక్కన 561 మీటర్ల కొండ ఉంది. గారింజ్ అని ఒక ఇంటిపేరు కూడా ఉంది. ఈజిప్టు నుంచి పెద్ద రాతి స్తంభాన్ని ఓడలో తెచ్చి, 1881లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నిలబెట్టిన అమెరికా నౌకాదళ అధికారిది ఆ ఇంటిపేరు. మంత్‌కి లెక్కల క్లాసులో వాడే "ఎన్ ప్లస్ వన్‌త్" ఉంది.

ఇవి చదవడానికి బలే సరదాగా ఉంటాయి. వాడటానికి మాత్రం నా ఓటు వేయను. గొర్రెలకు పేరుపడ్డ జిల్లా మాది. నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు ఉంటాయని మా వైపు ఎవర్నడిగినా చెప్తారు. అలాంటిచోట కూడా చిల్వర్ అంటే తల తిప్పి చూసేవాడు ఒక్కడు లేడు. ప్రాస కోసం అర్థం తెలియని మాట తెచ్చి పెడితే, విన్నవాడు ప్రాస దగ్గర ఆగడు, అర్థం దగ్గర ఆగిపోతాడు. కవిత హాస్యానికైతే సరే. పిల్లోడు స్టేజీ ఎక్కి "చిల్వర్ అంటే ఏందో తెలుసా" అని తనే అడిగి తనే చెప్పి నవ్వించేట్టయితే అప్పుడు అది చప్పట్లు కొట్టిస్తుంది. మామూలు పద్యంలో వద్దు.

రెండో దారి, మాటను పగలగొట్టడం. ఒక మాటకు ఎదురుగా రెండు మాటలు పెట్టడం అన్నమాట. ఆరెంజ్‌కి "డోర్ హింజ్" దీంట్లో బాగా పేరుమోసిన జత. అమెరికన్ ర్యాపర్ ఎమినెమ్ 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఆరెంజ్‌కి ప్రాస లేదనే మాటను కొట్టిపారేస్తూ ఇలాంటి ముక్కలు వరసగా పేర్చి చూపించాడు. అతను ఆరెంజ్‌ని "ఓరింజ్" అన్నట్టు పలుకుతాడు కాబట్టి అది డోర్ హింజ్‌తో అతికిపోతుంది. ఇది వినగానే నాకు ఉత్సాహం వచ్చి, ఒక జ్యూసు కొట్టు ప్రచారంలో ఆరెంజ్‌కి డోర్ హింజ్ తగిలించాను. కొట్టాయన విని, "ఏందన్నా, తలుపు బందులు కూడా అమ్ముతున్నామనుకుంటారు" అన్నాడు. నిజమే. పైగా మనం ఆరెంజ్‌ని "ఆ" తోనే మొదలుపెడతాం, కాబట్టి మన నోట్లో అది అతకనే అతకదు. ర్యాప్ చేసే కుర్రాళ్ళకు ఈ దారి బంగారం, ఎందుకంటే వాళ్ళు అచ్చును ఎటు కావాలంటే అటు వంచుకోగలరు. రాసి చదివించే పద్యానికి ఇది పనికిరాదు.

మూడోది, దగ్గరి ప్రాస. పూర్తిగా కలవకపోయినా దగ్గర దగ్గరగా వినపడే మాట. సిల్వర్‌కి రివర్, పర్పుల్‌కి సర్కిల్, మంత్‌కి లంచ్. ఇది దొంగదారి అనుకోకండి. ఎమిలీ డికిన్సన్ లాంటి పెద్ద కవయిత్రికి ఇలాంటి వాలు ప్రాసలంటేనే పేరు. కానీ ఒక షరతు ఉంది. కవిత మొత్తం దగ్గరి ప్రాసలతో నడిస్తే అది పద్ధతి అవుతుంది. ఏడు జతలు పక్కాగా ఉండి ఎనిమిదోది మాత్రం రివర్, సిల్వర్ అయితే అది తప్పు లాగే కనపడుతుంది. స్కూలు పోటీకి వెళ్ళే పిల్లలకు, ముఖ్యంగా టీచర్ రూలు పుస్తకం పట్టుకుని దిద్దే రకమైతే, ఈ దారి చెప్పను.

నాలుగోది, ఇంగ్లీషు చెవికి పనికొచ్చే దారుల్లో నాకు అన్నింటికన్నా నచ్చింది, జనం అన్నింటికన్నా తక్కువ వాడేది. మొండి మాటను లైను చివర్నుంచి లేపి మధ్యలో కూర్చోబెట్టడం. ప్రాస లైను చివర ఉన్న మాటకే కదా కావాల్సింది. మా మేనకోడలు మొదట రాసింది సముద్రం గురించి. మైపాడు బీచ్‌కి వెళ్ళొచ్చి, పొద్దుగూకాక నీళ్ళ రంగు చూసి, సముద్రం పర్పుల్‌గా ఉందని రాసి, అక్కడ ఆగి, నాకు ఫోన్ కొట్టింది. అప్పుడు నేను చెప్పాల్సింది ఇది:

ద సీ ఈజ్ పర్పుల్ లేట్ ఎట్ నైట్,
వన్ ఫిషింగ్ బోట్ హాజ్ లిట్ ఎ లైట్.

పర్పుల్ పోలేదు, ఉన్నచోటు మారింది. చివర నైట్, లైట్ వచ్చాయి. ఈ రెండింటికీ ఇంగ్లీషులో చుట్టాలు కోకొల్లలు. సిల్వర్ కావాలంటే "సిల్వర్ మూన్" అని రాయండి, మూన్‌కి జూన్, సూన్, ట్యూన్, స్పూన్ క్యూలో నిలబడి ఉంటాయి. ఆరెంజ్‌ని "ఆరెంజ్ స్కై" చేస్తే ఫ్లై, హై, డ్రై. పిల్లలకు ఇది చెప్తే మొదట ఒప్పుకోరు. చివర్లో పెట్టలేకపోయామని చీటింగ్ చేసినట్టు ఫీలవుతారు. ఎవరికీ కనపడని చీటింగ్ ఇది, నా మాట వినండి.

వెతికే సాధనాలు

రైమ్‌జోన్ లాంటి వెబ్‌సైట్లు ఉన్నాయి. మాట కొడితే ఎన్ని ముక్కల మాటలు ప్రాసకొస్తాయో విడివిడిగా చూపిస్తాయి, దగ్గరి ప్రాసలు వేరే పెడతాయి. పక్కా ఇంగ్లీషు రైమ్‌కి దీన్ని మించింది లేదు. ఒక్కటే జాగ్రత్త: ఇలాంటి సాధనాల్లో చాలావాటికి ఆధారం కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ఉచ్చారణ నిఘంటువు లాంటివే. అందులో 1,34,000కు పైగా మాటలున్నాయి, ఉచ్చారణ మాత్రం అమెరికాది. మనం చదువుకున్న పలుకుబడికి అక్కడక్కడ తేడా కొడుతుంది. ఫోన్లో ఏఐని అడిగితే టకటకా పది మాటలిస్తుంది, కానీ అందులో రాతకు ఒకేలా ఉండి పలుకులో కలవనివి దూరడం నేను చాలాసార్లు చూశాను. నమ్మే ముందు గట్టిగా చదివి చూసుకోవాలి.

చదివి చూడటానికి మన దగ్గర ఇంగ్లీషువాళ్ళకు లేని ఒక ఆయుధం ఉంది. ఆ మాటలను తెలుగు లిపిలో రాసి చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే తోకతో కనపడే నాలుగు మాటలు తెలుగులో రాస్తే కాఫ్, రఫ్, దో, త్రూ అయి కూర్చుంటాయి. లవ్, మూవ్ కూడా అంతే. దువ్వెనను, బాంబును, సమాధిని చెప్పే మూడు మాటలూ ఇంగ్లీషు రాతలో ఒకేలా ముగుస్తాయి. తెలుగులో రాస్తే కోమ్, బామ్, టూమ్. కంటికి మోసం, చెవికి నిజం. అయితే తెలుగు లిపి ఊనికను చూపించదు. అందుకే ఆరెంజ్, ఛాలెంజ్ కాగితం మీద అన్నదమ్ముల్లా కనపడతాయి. ఈ పరీక్ష సగం దొంగలను పడుతుంది, మిగతా సగం కోసం మాటను గట్టిగా పలికి గొంతు ఎక్కడ బరువెక్కిందో చూసుకోవాలి.

ఇక నెట్ లేకపోయినా పనిచేసేది, నేను రోజూ వాడేది, అక్షరమాల తిరగేయడం. సిల్వర్ కదా, స తీసేసి వరసగా కూర్చోబెట్టుకుంటా పోవడం. అల్వర్, ఇల్వర్, కల్వర్, గిల్వర్... తొంభై తొమ్మిది చెత్త వస్తుంది. ఒకటి మెరుస్తుంది. అదెక్కడ మెరిసిందో చెప్పాలంటే తెలుగు చెవిలోకి రావాలి.

తెలుగు చెవికి దారులు

తెలుగులో ఇంగ్లీషు మాదిరి ఊనిక పట్టింపు లేదు. కాబట్టి ఇంగ్లీషులో చచ్చినా కుదరని జతలు మన నోట్లో హాయిగా కుదురుతాయి. ఆరెంజ్, ఛాలెంజ్, రివెంజ్. సిల్వర్, రివాల్వర్. పర్పుల్, సింపుల్, కపుల్. ఫ్లెక్సీకి, రీల్‌కి, కాలేజీ ఫంక్షన్ పాటకి ఇవి చాలు. వేరే ఏమీ వెతకొద్దు. దీనికి ఒక్క లోపం: అందరూ వాడేస్తారు. ఛాలెంజ్ వినగానే తర్వాత ఏమొస్తుందో ముందే తెలిసిపోతుంది.

ఇంకొంచెం గడుసు దారి, ఇంగ్లీషు మాటకు తెలుగు తోక తగిలించడం. మనం ఎటూ హల్లు దగ్గర ఆగం, ఉకారం తగిలిస్తాం. మంత్ అనం, మంతు అంటాం. అనగానే వంతు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆ మధ్య చీటీలు నడిపే ఒకాయనకు రాసిచ్చింది:

మంతు మారేలోగా చీటీ కట్టు,
వంతు వచ్చినాక పెళ్ళి పెట్టు.

మంత్‌కి ప్రాస లేదని తలపట్టుకునే ఇంగ్లీషువాళ్ళు ఇది చూస్తే ఏమంటారో. బల్బ్ సంగతి ఇంకా బాగుంటుంది. మా నాయనమ్మ దాన్ని జీవితంలో బల్బ్ అన్లేదు, "బలుబు" అనేది. బలుబుకి జలుబు! దీపాల కొట్టుకు కాదు గానీ, యాన్యువల్ డేలో చిన్న పిల్లల నాటకానికి ఒకసారి వాడాను, హాలు హాలంతా నవ్వింది. పెద్దవాళ్ళ నోట్లో అరిగి గుండ్రంగా అయిన ఇంగ్లీషు మాటలను తప్పుగా పలికారని పక్కన పెట్టకండి. ప్రాసకు అవే ముందొస్తాయి.

మంత్‌కే ఇంకో సరదా ఉంది. హనుమంత్, శ్రీమంత్ లాంటి పేర్లలో ఆ మాట అట్నే దాక్కుని ఉంది. ఇంగ్లీషు లెక్కన ముందున్న హల్లు కూడా అదే అయితే పక్కా రైమ్ కాదు, ఒకే ముక్కను రెండుసార్లు వాడినట్టు. మన లెక్కన అదే ముక్క అర్థం మారి మళ్ళీ వస్తే యమకం అని మెచ్చుకుంటారు. అష్టావధానంలో దత్తపది విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. పృచ్ఛకుడు నాలుగు ఇంగ్లీషు మాటలిస్తే, అవధాని వాటిని తెలుగు మాటల కడుపులో దాచి పద్యం చెప్పేస్తాడు. ర్యాపర్లు పగలగొట్టడం అనేదాన్ని మనవాళ్ళు ఎప్పట్నుంచో శాలువాలు కప్పించుకుని చేస్తున్నారు.

చివరిదాన్ని ఈ వ్యాసంలో నేను అన్నింటికన్నా పైన పెడతాను. అసలు ప్రాసను లైను చివర్నుంచి తీసేసి లైను మొదట్లో పెట్టడం.

తెలుగులో ప్రాస అంటే చివర కలవడం కాదు, అది అంత్యప్రాస. ప్రాస అని ఊరికే అంటే పాదంలో రెండో అక్షరం. అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం హల్లు ఒకటే ఉండాలి, దాని మీది అచ్చు ఏదైనా పర్లేదు. మొదటి అక్షరం గురువైతే, అంటే బరువుగా పలికేదైతే, అన్నిచోట్లా గురువు; లఘువైతే, అంటే పొట్టిగా పలికేదైతే, అన్నిచోట్లా లఘువు. స్కూల్లో ఛందస్సు పాఠంలో మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేసిన రూలు ఇది. దాని వయసు తెలియాలంటే మా పక్కనున్న అద్దంకి దాకా వెళ్ళాలి. క్రీ.శ. 848 నాటిదని చెప్పే, పండరంగడనే సేనాని అద్దంకి శాసనంలో ఒక తరువోజ పద్యం ఉంది. నాలుగు పాదాలూ వరసగా పట్టంబు, పట్టంబు, కొట్టముల్, కట్టెపు అని మొదలవుతాయి. ప, ప, కొ, క తర్వాత నాలుగుచోట్లా "ట్ట". బోయ కొట్టాలు గెలిచిన సంగతి, కందుకూరు పేరు, అన్నీ ఆ "ట్ట"కు కట్టేసి రాతి మీద చెక్కారు. తిక్కన నెల్లూరులో భారతం రాయడానికి నాలుగు వందల ఏళ్ళ ముందు మాట ఇది.

ఇప్పుడు ఈ పాత కొలబద్ద తీసుకుని ఇంగ్లీషు మొండి మాటల మీద పెట్టండి. ఆరెంజ్‌లో రెండో అక్షరం ర, ముందు దీర్ఘం. ఊరు, నోరు, తీరం, పేరు, దారి, చీర, కూర, నీరు, అన్నీ చుట్టాలే. ప్రపంచంలోనే ప్రాస లేని మాట అన్నదానికి తెలుగులో ప్రాస లెక్కపెట్టలేం. తలుపు బందుల దెబ్బ తర్వాత ఆ జ్యూసు కొట్టాయనకే మళ్ళీ రాసిచ్చాను:

ఆరెంజ్ రసం గ్లాసెడు తియ్యన,
ఊరంతా ఎండ, మా కొట్లో చల్లన.

ఇది రెండు వేసవులు తిరిగింది. మే నెల ఎండలో, నెల్లూరు ఎండలో, "ఊరంతా ఎండ" అన్న ముక్క దగ్గర ఎవరికైనా గొంతు తడారుతుంది. దానికి తోడు ఆ-ర, ఊ-ర. విన్నవాడికి ప్రాస ఉందని తెలియదు, లైను మాత్రం గుర్తుండిపోతుంది. ఇక్కడ గురువు లఘువు రూలు ఎందుకో కూడా చెవే చెప్తుంది. ఊరంతా తీసేసి "సరిలే అన్నా" అని మొదలుపెట్టి చూడండి. ర ఉంది, కానీ "ఆ" దీర్ఘానికి "స" పొట్టి. కుంటుతుంది. ఇందాకటి హిర్పుల్ అంటే ఇదే.

పర్పుల్‌లో రెండో అక్షరం ర్ప. నేర్పు, ఓర్పు, తీర్పు, మార్పు, కూర్పు, సర్పం, దర్పం. చీరల కొట్టుకు దర్పాన్ని మించింది ఏముంది:

పర్పుల్ పట్టు కట్టు,
దర్పం ఉట్టిపడేట్టు.

సిల్వర్ దగ్గర నేను నిజంగానే ఇరుక్కున్నాను. వెండి సామాన్ల కొట్టు, కార్తీకమాసం ఆఫర్. వెండి అని రాద్దామంటే ఓనరు "సిల్వర్ అంటేనే ఇప్పుడు కొంటారు" అని పట్టుబట్టాడు. రెండో అక్షరం ల్వ. తెలుగులో ల్వ ఉన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కల్వరి గుర్తొచ్చింది. మా జిల్లాల్లో ప్రతి చర్చిలోనూ వినపడే మాట, క్రిస్మస్‌కి అయితే ఎగిరి గంతేసేవాణ్ణి. కార్తీకానికి కాదు కదా. రాత్రి మూలపేట శివాలయం ముందు బండి ఆపి, ఇందాక చెప్పిన అక్షరమాల తిరగేస్తా నిలబడ్డాను. అల్వ, ఇల్వ, కల్వ, గల్వ, చెల్వ, తల్వ, నిల్వ. నిల్వ దొరికింది, కానీ నిల్వ ఉన్న సరుకంటే అమ్ముడుపోని సరుకనుకుంటారు. ఇంకా కిందికి దిగి ప, బ. బల్వ, బిల్వ! ఎదురుగా గుడి మెట్ల దగ్గర ముసలామె అమ్ముతున్నదే మారేడు దళం.

సిల్వర్ పళ్ళెం చేతికిచ్చి,
బిల్వ దళం శివుడికిచ్చి...

మూడో లైను కొట్టు పేరు. ఆ పేరు ఇక్కడ చెప్పను, ఆ ఓనరు డబ్బులు మాత్రం సకాలంలో ఇచ్చాడు.

ఈ పద్ధతికి లోపం లేదా అంటే ఉంది. డప్పు మీద పాడే పాటకు, ర్యాప్‌కు ఇదొక్కటే చాలదు. అక్కడ చెవి దరువు పడే లైను చివర కాచుకుని ఉంటుంది. అందుకే పైన రాసినవాటన్నింట్లో చివర్లో కూడా తియ్యన, చల్లన, కట్టు, పెట్టు అని తేలికైన తెలుగు మాటలు పెట్టాను. మొండి ఇంగ్లీషు మాట ముందు సీట్లో, లొంగే తెలుగు మాట వెనక సీట్లో. ఇంగ్లీషు పద్యానికి ఈ పద్ధతి అస్సలు వర్తించదు, మళ్ళీ ఏ పాపో ఎర్ర సున్నాలు తెచ్చుకుంటే పాపం నాకు తగులుతుంది.

మరి ఏది ఎవరికి?

స్కూలు పోటీకి ఇంగ్లీషు పద్యం రాసే పిల్లలైతే మొండి మాటను మధ్యకు నెట్టడం, చివరికి రైమ్‌జోన్‌లో సరిచూసుకోవడం. వేరే ఆలోచనే వద్దు. టీచర్ కొంచెం స్వేచ్ఛ ఇచ్చే రకమైతే దగ్గరి ప్రాసలు, అదీ పద్యమంతా. ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచ్ కాడ ఫోన్ పెట్టుకుని ర్యాప్ షూట్ చేసే తమ్ముళ్ళకు పగలగొట్టడమే మేలు. రాసుకోవడం కంటే నోటితో అనుకుంటా వెతకండి, అచ్చులు వంగేది అక్కడే. సంగీత్‌కో హల్దీకో వదిన మరదళ్ళ పాటైతే ఊనిక గోల వదిలేసి ఆరెంజ్, ఛాలెంజ్ వాడేసుకోండి. ఆ హడావిడిలో కొత్తదనం ఎవడికి కావాలి, అందరూ కలిసి అందుకుని పాడాలి గానీ. మైకు ఆటోకి, వినేవాడికి దక్కేది పది సెకన్లు, బండి మలుపు తిరిగితే లైను చివర ఎటో కొట్టుకుపోతుంది, కాబట్టి మొదట్లో ప్రాస ఉండి తీరాలి. ఫ్లెక్సీ చదివేది కన్నే గానీ చెవి కాదు, దానికి పొట్టిగా రెండు లైన్లు, ఏ పద్ధతైనా ఒకటే.

ఓడిపోయే మాటలు కూడా ఉంటాయి. మొన్న ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు "ట్వెల్ఫ్త్" అన్న మాట లైను చివరే రావాలని కూర్చున్నారు. చివర ల, ఫ, త మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న మాట. ఇంగ్లీషులో దానికి దిక్కు లేదు. తెలుగు తోక తగిలించి "ట్వెల్ఫ్తు" అంటే తుమ్మినట్టుంది. రెండో అక్షరం పట్టుకుందామంటే అలాంటి ఒత్తు తెలుగులో యాడుంది? రెండు రోజులు తిరిగి చూసి, ట్వెల్ఫ్త్ కొట్టేసి "ఇంటర్" అని రాశాను. ఇంటర్, ఎంటర్, సెంటర్. వాళ్ళ ఆఫీసు ఉండేది కూడా వీఆర్సీ సెంటర్లోనే. చదివి చూసుకుని, "మేమూ అదే అన్నాం కదన్నా" అని డబ్బులిచ్చి పంపించారు.